ఉత్తరాల పెట్టె మీద పేరు

కిందటి వారం సహస్ర చేసిన నిర్వాకం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మరిచిపోయినవాళ్లకీ, ఈ వారమే మన గుమ్మంలోకి వచ్చినవాళ్లకీ రెండు ముక్కల్లో చెబుతాను. హనుమకొండ నుంచి ఎమ్మెస్ చదువుకి డ్యూసెల్‌డార్ఫ్ వచ్చిన సహస్ర, ఎనభై మూడేళ్ల ఒడెస్సా ప్రూయిట్ ఇంట్లో ఒక గదిలో ఉంటోంది. అద్దె బదులు ఇంటిపనీ బజారుపనీ చేసిపెడుతుంది. ఒడెస్సా నల్లజాతి అమెరికన్, జాజ్ గాయని, అలబామాలో పుట్టి దాదాపు అరవై ఏళ్ల కిందట పాటలు పాడడానికి జర్మనీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. 1971లో ఈ దేశమంతా మోగిన 'వంతెన దగ్గర' అనే పాట టీవీ తార హెల్గా బ్రాంట్ పేరు మీద ఉంది. గిన్నెలు కడుగుతూ ఒడెస్సా తీసిన కూనిరాగం వినీ, ఆ పాత రికార్డు వినీ, ఈ రెండిట్లో ఊపిరి ఒకటేనని సహస్ర పట్టేసింది. అంతటితో ఊరుకుంటే మనకీ వారం కథే ఉండేది కాదు. ఒడెస్సా మీద కార్యక్రమం చేస్తున్న రేడియో ఆవిడ ఫ్రావు క్రామర్‌కి ఆ సంగతి గొప్పగా చెప్పింది. ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకి అది దేశమంతా వినేసింది.

రేడియో కట్టేశాక ఆ వంటింట్లో వినిపిస్తున్న చప్పుడు ఒక్కటే, పింగాణీ గిన్నెలో ప్లమ్ గింజలు పడుతున్న చప్పుడు. సెప్టెంబరు వస్తే ఒడెస్సా ప్రతి ఆదివారం ఆ పండ్లతో కేకు చేస్తుంది. పండుని సగానికి చీల్చి, గింజ తీసి గిన్నెలో వేసి, ముక్కల్ని పిండి మీద వరసగా పేరుస్తుంది. ఇవాళ ఆ కత్తి కొంచెం వేగంగా నడుస్తోంది. సహస్ర గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కార్యక్రమం అయ్యాక ఒడెస్సా తనని దగ్గరికి తీసుకుంటుందనీ, కళ్లు తుడుచుకుంటుందనీ పొద్దుటినుంచీ ఊహించుకుంటూ కూర్చుంది పాపం. అందుకోసం ఫోన్లో కెమెరా కూడా తెరిచి పెట్టుకుంది.

"హెల్గా సంగతి చెప్పమని నిన్నెవరు అడిగారు?" అంది ఒడెస్సా తలెత్తకుండా.

వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులో. ఒడెస్సా ఇంగ్లీషులో అలబామా సాగదీత ఇంకా పోలేదు. దాన్ని తెలుగులోకి తేవడం నా వల్ల కాదు, మీరే ఊహించుకోండి.

"ఎవరూ అడగలేదు మిస్ ఒడెస్సా. నేనే చెప్పాను. అది మీ పాట కదా. మీ పేరు రావాలి కదా."

"నా పేరు రావాలని నీతో ఎప్పుడైనా అన్నానా?"

అనలేదు. ఆ పాట గురించి సహస్ర అడిగిన ప్రతిసారీ ఒడెస్సా మాట మార్చింది. కానీ వద్దని కూడా అనలేదు కాబట్టి, అది పెద్దమనిషి మొహమాటం అనుకుంది మన అమ్మాయి.

"మా దగ్గర సినిమాల్లో తెర మీద ఒకరు పెదవులాడిస్తారు, వెనక ఇంకొకరు పాడతారు," అంది సహస్ర. "అందరికీ తెలుసు. క్యాసెట్ అట్ట మీద మేము ముందు చూసేది పాడినవాళ్ల పేరే. మా నాన్న హీరోయిన్ పేరు మర్చిపోతాడు గానీ పాడినావిడ పేరు మర్చిపోడు. అందులో ఎవరికీ చిన్నతనం లేదు. ఇద్దరికీ గౌరవమే."

"మీ దగ్గర," అంది ఒడెస్సా. "ఇది మీ దగ్గర కాదు."

నిజమే, ఇది మనవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. ఒక గొంతు ఒక ముఖానికి అరువు వెళితే మనం ఇద్దరికీ చెరో దండ వేసి చప్పట్లు కొడతాం. సహస్ర ఆ రెండు దండలే తెచ్చాననుకుంది. రేడియోలో ఫ్రావు క్రామర్ అన్న మాట మాత్రం 'యాభై ఏళ్ల మోసం'. ఆ మాట చెవిన పడగానే సహస్ర చేతిలోని ఫోను దానంతటదే కిందికి దిగిపోయింది.

"ఆదివారం పొద్దున హెల్గా ఉండే ముసలాళ్ల హోములో ఏం చేస్తారో తెలుసా?" అంది ఒడెస్సా. "భోజనాల గదిలో అందరికీ వినపడేలా రేడియో పెడతారు. కిటికీ పక్క బల్ల హెల్గాది. నర్సులు కూడా ఆమెని పేరు పెట్టి పిలవరు, 'మా స్టార్' అంటారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు సంతకం అడుగుతారు. ఆమెకి భర్త లేడు, పిల్లలు లేరు. ఆ పాట ఒక్కటే ఉంది. దాన్ని నువ్వు ఇవాళ టిఫిన్ బల్ల మీంచి లాగేశావు."

సహస్రకి ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, "సారీ" అంది.

"నాకెందుకు సారీ? నాలుగింటికి ఆ రేడియో ఆవిడ నీకు మళ్లీ ఫోన్ చేస్తుంది కదా, సాయంత్రం కార్యక్రమానికి? చెయ్యనీ. పొద్దున చెప్పిందంతా నా ఊహ అని చెప్పు. ముసలావిడ మీద ప్రేమకొద్దీ కల్పించానని చెప్పు. పాడింది హెల్గా బ్రాంట్. అంతే."

"అది అబద్ధం మిస్ ఒడెస్సా."

"యాభై ఒక్క ఏళ్లుగా మోస్తున్నదాన్ని. అదేమిటో నాకు నువ్వు చెప్పక్కర్లేదు."

"నేను చెప్పలేకపోతే?"

ఒడెస్సా కత్తి కింద పెట్టింది. "అయితే పెట్టె సర్దుకో. ఉత్తరాల పెట్టె మీంచి నీ పేరు నా చేత్తో నేనే పీకేస్తాను."

ఆ మాట ఎంత పెద్దదో జర్మనీలో ఉన్న మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ వీధి పేరూ ఇంటి నంబరూ ఉంటే సరిపోదు, కింద పెట్టె మీద నీ పేరుండాలి. లేకపోతే పోస్టుమ్యాన్ ఎవరినీ అడగడు, ఉత్తరం వెనక్కి పోతుంది. సహస్ర స్నేహితురాలు ఈషా మాగ్డెబర్గ్‌లో పేరు అంటించుకోవడం మర్చిపోయి, వీసా ఆఫీసు ఉత్తరం కోసం రెండు నెలలు ఏడ్చింది. సహస్ర ఈ ఇంటికొచ్చిన రోజున, సూట్‌కేసు ఇంకా మెట్ల మీదుండగానే, ఒడెస్సా తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ఆమె పేరు రాసి, పైన రెండుసార్లు టేపు వేసి పెట్టెకి అంటించింది. "ముందు పేరు, తరవాత టీ" అంది ఆ రోజు. ఆ తొందరేమిటో సహస్రకి అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు అర్థమయ్యే వేళ వచ్చింది. ఒడెస్సా చేతులు తుడుచుకుని, ఎదురు కుర్చీ చూపించి, "కూర్చో" అంది. "నిన్ను వెళ్లగొట్టే ముందు ఎందుకో చెప్పాలి కదా."

ఆమె తండ్రి అలబామాలోని మోబీల్ రేవులో మూటలు మోసేవాడు. ఆమె చర్చిలో పాడుతూ పెరిగింది. ఇరవై నాలుగో ఏట ఒక బ్యాండుతో కలిసి, జర్మనీలో ఉన్న అమెరికా సైన్యం క్లబ్బుల్లో పాడడానికి వచ్చింది. వారానికి ఆరు రాత్రుళ్లు పాట, ఏడో రోజు రైలు. స్టేజీ ఎక్కే ముందు ప్రతి పాటలో మొదటి మాట ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకునేది. మొదటి మాట దొరికితే చాలు, మిగతా పాట దాని వెనకే వస్తుందని ఆమె నమ్మకం. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. బజారు సరుకులు కూడా అరచేతిలోనే రాసుకుంటుంది, సహస్ర కాగితం ఇస్తే నవ్వుతుంది.

"ముందు వరసలో పంతొమ్మిదేళ్ల సైనికులు కూర్చునేవాళ్లు," అంది ఒడెస్సా. "మా ఊళ్లో నన్ను ముందు గుమ్మంలోంచి రానివ్వని తెల్లవాళ్ల కొడుకులు. ఇక్కడ నా పాటకి ఏడ్చేవాళ్లు. ఇంటి మీద బెంగ. నాకూ బెంగే. ఒకే బెంగని వాళ్లు అక్కడ కూర్చుని, నేను ఇక్కడ నిలబడి పంచుకునేవాళ్లం."

1966 చలికాలంలో ఆమెకి న్యుమోనియా వచ్చింది. బ్యాండు ఆమెని ఈ ఊరి ఆసుపత్రిలో వదిలేసి పారిస్ వెళ్లిపోయింది. మూడు వారాల తరవాత బయటికొచ్చేసరికి ఒక సంచీ, రెండు గౌన్లూ మిగిలాయి. గది కోసం పదకొండు ఇళ్లకి వెళ్లింది. ఫోన్లో మర్యాదగా రమ్మన్నవాళ్లే తలుపు తీశాక, ఇప్పుడే ఇచ్చేశామన్నారు. సహస్ర తల దించుకుంది. ఈ ఇల్లు దొరికే ముందు తనూ అలాంటి తలుపులు నాలుగైదు చూసింది.

"హెల్గా అప్పటికే టీవీలో కనిపించే మనిషి. ఒకసారి ఇద్దరం ఒకే హాల్లో పాడాం, అంతే పరిచయం. నా సంగతి ఎవరో చెబితే ఆసుపత్రి మెట్ల దగ్గరికొచ్చింది. 'నా సోఫా పొడుగు, నువ్వు పొట్టి' అంది. అంతే. ఇంటాయన ఒక్క షరతు పెట్టాడు. కాలింగ్ బెల్లు మీదా, ఉత్తరాల పెట్టె మీదా నా పేరు ఉండకూడదు. వీధిలోవాళ్లు చూస్తే బాగుండదట. ఐదేళ్లున్నాను ఆ ఇంట్లో. నాకొచ్చే ఉత్తరాల మీద 'బ్రాంట్ గారి ఇంట' అని రాయాల్సి వచ్చేది. పెట్టె తాళం హెల్గా దగ్గరుండేది."

ఇక్కడ ఒడెస్సా గొంతు మెత్తబడింది. ఎంత కోపంలో ఉన్నా ఆ ఇల్లు గుర్తొస్తే ఆమెకి అంతే. ఆదివారం మధ్యాహ్నాలు ఆ చిన్న వంటింట్లో హెల్గా బంగాళాదుంపలు చెక్కుతూ, చెక్క గరిటెతో బల్ల మీద తాళం వేస్తూ జర్మన్ మాటలు పలికించేది. తప్పు పలికితే గరిటె మోకాలి మీద పడేది. ఒడెస్సా బదులుగా వాళ్లమ్మ చేసే మొక్కజొన్న రొట్టె చేసేది. బీరు కొనుక్కునే స్తోమత లేని రోజుల్లో మంచినీళ్లు గ్లాసుల్లో పోసుకుని గొప్పగా తాగేవాళ్లు. కింది ఇంటివాళ్లు చీపురు కర్రతో కప్పు పొడిచేదాకా డాన్సు చేసేవాళ్లు. "నా ఎనభై మూడేళ్లలో ఒక్క ఏడాది వెనక్కిస్తానంటే నేను అడిగేది ఆ వంటింట్లో ఏడాదే," అంది ఒడెస్సా. ఆ మాటకి సహస్రకి మరీ ఏడుపొచ్చింది.

1970లో హెల్గా గొంతుకి ఆపరేషన్ అయింది. ఆ తరవాత మిగిలింది గుసగుస మాత్రమే. అప్పటికే కొత్త రికార్డుకీ, మూడు టీవీ కార్యక్రమాలకీ సంతకం చేసి ఉంది. ఒక రోజంతా గౌనుతోనే నీళ్లు లేని స్నానపు తొట్టిలో కూర్చుండిపోయింది.

"నన్నెవరూ అడగలేదు," అంది ఒడెస్సా. "నేనే అన్నాను. 'నా గొంతు ఖాళీగానే ఉంది, తీసుకో' అని. రెండు అరచేతుల నిండా జర్మన్ మాటలు రాసుకుని ఒక మధ్యాహ్నంలో పాడేశాను. చచ్చేదాకా నోరు విప్పనని మాటిచ్చాను. ఆ ఇంటికి నేనిచ్చిన అద్దె అది."

"మరి మీ సొంత పాటలు?"

"ఆ రోజు స్టూడియోలో ఒక గంట మిగిలింది. పియానో ఆయన ఇంకా వెళ్లలేదు. నావి మూడు పాటలు పాడి, ఆ టేపు న్యూయార్క్‌లో ఒక రికార్డు కంపెనీకి పంపాను. ఆ ఎండాకాలమంతా పొద్దున పదకొండింటికి పోస్టుమ్యాన్ సైకిలు చప్పుడుకి చెవులు రిక్కించేదాన్ని. హెల్గా కిందికెళ్లి పెట్టె చూసి వచ్చేది. 'ఏమైనా ఉందా?' అంటే తల అడ్డంగా ఊపేది. సెప్టెంబరు వచ్చాక అడగడం మానేశాను." ఒడెస్సా ప్లమ్ గింజల గిన్నెని కొంచెం దూరంగా జరిపింది. "నా గొంతు బాగుంది, ఇంకొకరి ముఖానికి తొడగడానికి సరిపోయేంత బాగుంది, నా ముఖంతో నిలబడేంత కాదు అని అప్పుడే అర్థం చేసుకున్నాను. తరవాత ముప్ఫై ఏళ్లు ఈ ఊరి పాతబస్తీలో ఒక నేలమాళిగ క్లబ్బులో నలభై బల్లల ముందు పాడాను. అది చెడ్డ బతుకని అనను. జనం వచ్చేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు. కానీ న్యూయార్క్ నాకు జవాబివ్వలేదు. ఆ రోజు నుంచీ నేను ఇంకేమీ అడగలేదు."

కేకు పొయ్యిలోకి వెళ్లింది. సహస్ర పక్క గదిలోకెళ్లి సుమంత్‌కి ఫోన్ చేసింది. సుమంత్ ఆమె పెద్దమ్మ కొడుకు, ఈ ఊళ్లోనే బ్లూ కార్డు ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు.

"అన్నా, జర కారు తీస్కొని రావా? హోముకు పోవాలె."

"సండే నాడేందే? మీ వదిన నవ్య బిర్యానీ పెట్టింది. అవునూ, రేడియోల మాట్లాడినవంట గదా. మా ఆఫీసాయన మెసేజ్ పెట్టిండు, మీ చెల్లె ఫేమస్ అయిందని."

"ఫేమస్ కాదన్నా, ఆగమైంది. ఇల్లు పోయేటట్టుంది."

సుమంత్ బిర్యానీ సంగతి మరిచిపోయాడు. "నీ అన్మెల్డుంగ్ కాయితం ఆ అడ్రెస్ మీదనే రిజిస్టరై ఉన్నది గదా. వచ్చే నెల వీసా ఆఫీసుకు రమ్మన్న టెర్మిన్ ఉన్నది. ఇప్పుడు ఇల్లు మారితే మళ్ల మొదటికొస్తది. ఆగు, వస్తున్న."

కారులో ఒడెస్సా ముందు సీట్లో, ఒళ్లో వేడి తగ్గని కేకుతో కూర్చుంది. ఎర్ర దీపం దగ్గర కారు ఆగినప్పుడు పర్సులోంచి పెన్ను తీసి ఎడమ అరచేతిలో ఏదో రాసుకుంది. వెనక సీట్లోంచి సహస్రకి కనిపించింది. ఒకటే మాట, 'క్షమించు'.

"ముసలామె ఏమంటున్నది?" అన్నాడు సుమంత్ తెలుగులో, అద్దంలోంచి చూస్తూ.

"నాలుగింటికి రేడియో ఆమె ఫోన్ చేస్తది. నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకొమ్మంటున్నది."

"ఒప్పుకో మరి. నీకేం పోతది? ఇల్లు నిలవడ్తది."

"ఆమె పాట పోతదన్నా."

సుమంత్ చూపు మళ్లీ రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ హనుమకొండలో అలివేలుమంగ టీచర్ దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఇతను వర్ణాల దాకా వచ్చి పారిపోయాడు గానీ, గొంతు మార్చొచ్చు, ఊపిరి మార్చలేరు అని ఆవిడ అనే మాట ఇతనికీ గుర్తుంది. సహస్రకి ఆ పాత రికార్డులో దొరికింది ఆ ఊపిరే. పెద్ద స్వరం ఎత్తుకునే ముందు ఒడెస్సా నోటితో కాక, ముక్కుతో చిన్నగా, చటుక్కున ఒక ఊపిరి తీసుకుంటుంది.

హోములో భోజనాల గది నిండా కాఫీ వాసన. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. ఎప్పుడూ ఎదురొచ్చి పలకరించే నర్సు ఇవాళ చూపు తిప్పుకుని, "గదిలో ఉన్నారు" అంది. మా స్టార్ అనలేదు. ఒడెస్సా ఆ తేడా విని, కేకు పళ్లెం ఇంకో చేతికి మార్చుకుంది. సుమంత్ నడవాలోనే కుర్చీ చూసుకున్నాడు.

హెల్గా మంచం పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకుంది, పెదవులకి రంగు వేసుకుంది. ఎనభై అయిదేళ్ల మనిషి. మాట వినాలంటే దగ్గరికి వంగాలి.

"ప్లమ్ కేకేనా?" అంది.

"అదే."

"చక్కెర తగ్గించావా?"

"లేదు. ఎప్పటిలాగే వేశాను."

ఒడెస్సా కేకు బల్ల మీద పెట్టి, ఎడమ అరచెయ్యి చూసుకుని, "హెల్గా, నన్ను..." అని మొదలుపెట్టింది. హెల్గా చెయ్యెత్తి ఆపింది.

"రేడియో అమ్మాయి ఈమేనా?"

సహస్ర ముందుకొచ్చి, దారంతా మనసులో కూర్చుకున్న జర్మన్‌లో క్షమాపణ మొదలుపెట్టింది. హెల్గా అదీ ఆపింది.

"నువ్వు చెప్పింది తప్పా?"

సహస్ర ఒడెస్సా వైపు చూసింది. ఒడెస్సా నేల వైపు చూస్తోంది. "కాదు" అంది సహస్ర.

"మరి క్షమాపణ దేనికి?" హెల్గా నవ్వింది. చప్పుడు లేని నవ్వు. "పొద్దున అందరూ నా వైపు తిరిగి చూశారు. సిగ్గేస్తుందనుకున్నాను. వేయలేదు. బ్రెడ్డు రెండు ముక్కలు తిన్నాను. ఇన్నేళ్లుగా గొంతులో ఏదో అడ్డం ఉన్నట్టే ఉండేది నాకు. పాట సంగతి బయటపడితే పోతుందనుకున్నాను. సగమే పోయింది. మిగతా సగం మంచం కింద ఉంది. అమ్మాయీ, ఆ అట్టపెట్టె తియ్యి."

అది చెప్పుల పెట్టె. పైన అంతా హెల్గా సంతకం చేసిన ఫోటోలు, నవ్వుతున్న హెల్గాలు ఒక పాతిక మంది. అన్నిటికంటే అడుగున లేత నీలం రంగు ఎయిర్‌మెయిల్ కవరు ఒకటి. న్యూయార్క్ ముద్ర, 1971 జూలై. మిస్ ఒడెస్సా ప్రూయిట్, బ్రాంట్ గారి ఇంట. అంచు కత్తితో నీటుగా కోసి ఉంది.

సహస్ర కవరు ఒడెస్సాకి అందించింది. ఒడెస్సా తీసుకోలేదు. "కళ్లజోడు మర్చిపోయాను, నువ్వు చదువు" అంది. కళ్లజోడు ఆమె మెడలో గొలుసుకి వేలాడుతూనే ఉంది.

సహస్ర చదివింది. "ప్రియమైన మిస్ ప్రూయిట్, మీరు పంపిన మూడు పాటలూ ఇక్కడ అందరం కలిసి విన్నాం, ఆపి మళ్లీ విన్నాం. మీ పేరుతో పూర్తి రికార్డు చేయాలని మా కోరిక. అక్టోబరు మొదటి వారం స్టూడియో మీకోసం ఉంచుతున్నాం. ప్రయాణం ఏర్పాట్లు మావి. ఆగస్టు నెలాఖరులోగా ఒక్క ముక్క రాయండి." మీ పేరుతో అన్నచోట సహస్ర ఆగి ఒడెస్సా వైపు చూసింది. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది.

సహస్ర ఉత్తరం మడిచి మళ్లీ కవరులో పెట్టింది.

"మూడు పాటలూనా?" అంది ఒడెస్సా చివరికి. అది ఎనభై మూడేళ్ల గొంతులా లేదు.

"మూడూ," అంది సహస్ర.

"నువ్వు వెళ్లిపోతే తరవాతి రికార్డుకి నాకు గొంతుండదు," అంది హెల్గా. "అది ఒక కారణం. రెండోది చెప్పడానికి ఇంకా సిగ్గు. ఆ వంటింట్లో నువ్వు లేకుండా ఉండలేననిపించింది. రేపిద్దాం, రేపిద్దాం అనుకున్నాను. ఆగస్టు అయిపోయింది. అయిపోయాక ఇస్తే ఇంకా పెద్ద పాపమనిపించింది. నువ్వేమో ప్రతి సెప్టెంబరూ కేకు తెచ్చావు."

ఒడెస్సా లేచి కేకు దగ్గరికెళ్లింది. కత్తి తీసుకుని ఒక ముక్క కోసి, పళ్లెంలో పెట్టి హెల్గా ముందుంచింది. తనకి కోసుకోలేదు. ఇన్నేళ్లలో సెప్టెంబరులో వాళ్లిద్దరూ ఆ కేకు కలిసి తినని ఆదివారం లేదని సహస్రకి తెలుసు. హెల్గాకీ తెలుసు. పళ్లెం ముట్టుకోకుండా కూర్చుంది.

సహస్రకి ఇద్దరి మీదా ఒకేసారి జాలేసింది. హెల్గా మీద కోపం కూడా వచ్చింది, ఇంత కోపం తనకి ఎవరి మీదా ఎప్పుడూ రాలేదు. పెట్టె మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుందని తనకి నేర్పారు. వెనక్కి పోయినా బాగుండేది. వాళ్లు మళ్లీ రాసేవాళ్లేమో.

అప్పుడు ఫోను మోగింది. సరిగ్గా నాలుగు. తెర మీద ఫ్రావు క్రామర్ పేరు. సహస్ర ఫోను పట్టుకుని ఒడెస్సా ముఖంలోకి చూసింది. పొద్దున ఇచ్చిన ఆజ్ఞ ఇంకా అలాగే ఉంది. అబద్ధమని చెబితే ఇల్లు ఉంటుంది, హెల్గా పరువు ఉంటుంది, ఒడెస్సా ఒక్కర్తీ ఉండదు. ఇది ఒడెస్సాని అడిగి చెప్పవలసిన జవాబు కాదనుకుని, పచ్చ బటన్ నొక్కి, "నేను అబద్ధం చెప్పలేను మిస్ ఒడెస్సా" అంది.

ఒడెస్సా చెయ్యి చాచింది. ఎడమ చెయ్యి. అరచేతిలో రాసుకున్న మాట చెమటకి సగం చెరిగిపోయి ఉంది. ఫోను తీసుకుని చెవికి పెట్టుకోలేదు, గదంతా వినపడేలా స్పీకరు పెట్టించి, బల్ల మీద కేకు పక్కన ఉంచింది.

"నేను ఒడెస్సా ప్రూయిట్‌ని మాట్లాడుతున్నాను," అంది జర్మన్‌లో. "ముందు పేరు సరిగ్గా రాసుకోండి. ఒక్కో అక్షరం చెబుతాను." చెప్పింది. రెండు ఎస్‌లు, రెండు టి‌లు, ఏదీ తొందరపడకుండా. పెట్టె మీద అంటించేటప్పుడు రాసినంత పెద్దగా పలికింది.

"రాసుకున్నాను," అంది ఫోన్లోంచి ఫ్రావు క్రామర్. "ఇప్పుడు చెప్పండి. ఆ పాట పాడింది ఎవరు?"

హెల్గా తల దించుకోలేదు. పెదవులు బిగించి ఒడెస్సానే చూస్తోంది. ఒడెస్సా కూడా చూపు తిప్పలేదు. పెద్ద స్వరం ఎత్తుకునే ముందు తీసుకున్నట్టే, ముక్కుతో చిన్నగా, చటుక్కున ఒక ఊపిరి తీసుకుంది.